మా సంఘం ఏం నమ్ముతుంది? కొత్తగా వచ్చేవాళ్లు తరచుగా అడిగే ప్రశ్నలు

ఆదివారం ఆరాధన అయిపోయి, బగారా అన్నం గిన్నె పొయ్యి మీద నుంచి దించేలోపు గుమ్మం దగ్గర నిలబడి కొత్తవాళ్లు అడిగే ప్రశ్నలివి. కొందరు కోపంగా అడుగుతారు. ఎక్కువమంది మాత్రం అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించి అడుగుతారు. అలా అడిగినవాళ్ల కోసమే ముఖ్యంగా ఇది రాస్తున్నాను. హనుమకొండలో ఒక మేడ మీద హాలు అద్దెకు తీసుకుని కూడుకునే చిన్న క్రైస్తవ సంఘం మాది. నేను పాస్టర్‌ని కాదు. బడిలో టీచర్‌ని, సంఘ పెద్దల్లో ఒకదాన్ని. ఈ జవాబులు పాస్టర్ గారూ మిగతా పెద్దలూ చదివి, రెండు మూడు చోట్ల నాతో వాదించి, చివరికి సరేనన్నవి.

మీరు ఏ మిషన్ వాళ్లు? సీఎస్ఐయా, బాప్టిస్టా, పెంతెకొస్తా, ఆర్‌సీఎమ్మా?

అందరూ ఉన్నారు. హనుమకొండలో అమెరికన్ బాప్టిస్టు మిషన్ 1879లోనే మొదలైంది కాబట్టి మా పెద్దవాళ్లలో చాలామంది బాప్టిస్టు ఇళ్లలో పుట్టినవాళ్లే. కరీంనగర్, డోర్నకల్ వైపు నుంచి వచ్చినవాళ్లు సీఎస్ఐ, అంటే చర్చ్ ఆఫ్ సౌత్ ఇండియా. కాజీపేట ఫాతిమానగర్ కెథెడ్రల్‌కు వెళ్తూ పెరిగిన ఆర్‌సీఎం, అంటే రోమన్ కాథలిక్ కుటుంబాలు రెండున్నాయి. ఇంతకుముందు ఏ చర్చి గడపా తొక్కనివాళ్లూ ఉన్నారు. చిన్నప్పుడు నెత్తి మీద నీళ్లు చల్లి ఇచ్చిన బాప్తిస్మమైనా, పెద్దయ్యాక చెరువులో ముంచి ఇచ్చినదైనా మాకు ఒకటే. మళ్లీ తీసుకోమని ఎవరినీ అడగం.

‘ప్రోగ్రెసివ్’ అంటున్నారు. అంటే బైబిల్‌ని నమ్మరా?

నమ్ముతాం. ప్రతి ఆదివారం పాత నిబంధన నుంచి ఒక భాగం, సువార్త నుంచి ఒక భాగం చదువుతాం. వారం మధ్యలో ఇళ్లలో కూర్చుని అధ్యాయాల వరుసన చదువుకుంటాం. తేడా ఎక్కడంటే, ఒక వాక్యాన్ని తెంపి పట్టుకొచ్చి ఎవరి నోరైనా మూయించడానికి మేం ఒప్పుకోం. ఆ మాట ఎవరు రాశారు, ఎవరికి రాశారు, అప్పుడేం జరుగుతోంది అని అడుగుతాం.

ఒక ఉదాహరణ చెప్తాను. ద్వితీయోపదేశకాండం 23వ అధ్యాయంలో మోయాబీయులెవరూ యెహోవా సమాజంలో చేరకూడదని, పది తరాలైనా చేరకూడదని ఉంది. అదే బైబిల్‌లో రూతు గ్రంథం ఉంది. రూతు ఎవరు? మోయాబు స్త్రీ. కోతల కాలంలో పరిగె ఏరుకుని అత్తను పోషించింది. ఆమె మునిమనవడే దావీదు. మత్తయి యేసు వంశావళి రాస్తూ ఆమె పేరు దాచలేదు, మొదటి అధ్యాయంలోనే రాశాడు. చేర్చుకోవద్దన్న మాటా, చేర్చుకున్న కథా ఒకే గ్రంథంలో పక్కపక్కన ఉన్నాయి. అలాంటప్పుడు యేసు ఎటు నిలబడ్డాడని చూస్తాం. ఆయన ఎప్పుడూ బయట నిలబెట్టినవాళ్ల వైపే నిలబడ్డాడు.

ఇంకోటి. ఎఫెసీయులకు రాసిన పత్రికలో దాసులారా, యజమానులకు లోబడండి అని ఉంది. మన తాతలు గడీల్లో వెట్టి చేసినవాళ్లు. దొర ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచినవాళ్లు. ఆ వాక్యాన్ని వెట్టివాడికి చదివి వినిపించి, దేవుడు నీ నుంచి కోరేది ఇదే అని చెప్పగలమా? ఈ రోజు ఏ పాస్టరూ చెప్పడు. అంటే కాలాన్ని బట్టి, సందర్భాన్ని బట్టి అందరమూ చదువుతున్నాం. మేం ఆ సంగతి పైకి చెప్తున్నాం, అంతే.

సైన్స్ మాటేమిటి? లోకం ఆరు రోజుల్లోనే పుట్టిందంటారా?

అనం. ఆదికాండం మొదటి అధ్యాయంలో మనిషి అన్నిటికన్నా చివర పుడతాడు, రెండో అధ్యాయంలో చెట్లకన్నా జంతువులకన్నా ముందే పుడతాడు. రాసినవాళ్లు సైన్స్ పాఠం చెప్పాలనుకోలేదని అక్కడే తెలుస్తుంది. నేను బడిలో పరిణామ సిద్ధాంతం చెప్తాను, ఆదివారం సృష్టికర్తను స్తుతిస్తాను. ఈ రెంటికీ గొడవ నాకెప్పుడూ రాలేదు.

యేసు దేవుని కుమారుడని, తిరిగి లేచాడని నమ్ముతారా?

నమ్ముతాం. ఈస్టర్ తెల్లవారుజామున సమాధుల తోటకు వెళ్లి కొవ్వొత్తులు వెలిగించి పాడతాం. మాలో కొందరు పునరుత్థానాన్ని అక్షరాలా జరిగినట్టే నమ్ముతారు. కొందరు ‘ఎలా జరిగిందో నాకు అర్థం కాదు, కానీ ఆయన లేడని మాత్రం అనలేను’ అంటారు. ఇద్దరూ ఒకే పాట పాడతారు.

ప్రభువు బల్ల ఎవరు తీసుకోవచ్చు? నేను అయోగ్యంగా తీసుకుంటే శిక్ష వస్తుందా?

బల్ల అంటే యేసు చివరి భోజనాన్ని తలచుకుంటూ రొట్టె, ద్రాక్షరసం పంచుకోవడం. ఇది అన్నిటికన్నా ఎక్కువ భయంతో అడిగే ప్రశ్న. బల్ల ఆదివారం నాడు కావాలనే ఆలస్యంగా వచ్చేవాళ్లు, రొట్టె విరిచే ముందు లేచి వెళ్లిపోయేవాళ్లు నాకు తెలుసు. నేనూ ఒకప్పుడు అలా చేసినదాన్నే. ‘అయోగ్యముగా’ అన్న ఒక్క మాట చిన్నప్పటి నుంచి మన గుండెల్లో కూర్చుంది.

ఆ మాట కొరింథీయులకు రాసిన మొదటి పత్రిక 11వ అధ్యాయంలో ఉంది. దయచేసి ఆ అధ్యాయం 17వ వచనం నుంచి చదవండి. కొరింథు సంఘంలో ప్రభువు భోజనమంటే నిజంగానే కడుపుకు తినే భోజనం. ఉన్నవాళ్లు తాము తెచ్చుకున్నది ముందే తినేసేవాళ్లు, మత్తెక్కేదాకా తాగేవాళ్లు. లేనివాళ్లు ఆకలితో అలాగే కూర్చునేవాళ్లు. ఆ పత్రిక రాసిన పౌలు కోపం దాని మీద. లేనివాళ్లను సిగ్గుపరుస్తారా, దేవుని సంఘాన్ని తిరస్కరిస్తారా అని అడిగాడు. చివర్లో ఇచ్చిన ఆజ్ఞ కూడా అదే. భోజనానికి కూడి వచ్చినప్పుడు ఒకరి కోసం ఒకరు ఆగండి అన్నాడు.

అంటే అక్కడ అయోగ్యంగా తిన్నది పాపం చేశానని వణికేవాళ్లు కాదు. పక్కవాడి ఆకలి పట్టకుండా తిన్నవాళ్లు. మన చర్చిల్లో అది తలకిందులైంది. తల్లిదండ్రులకు చెప్పకుండా పెళ్లి చేసుకున్న అమ్మాయి బల్ల ముట్టకూడదు, తాగుడు మానలేకపోతున్న అన్న ముట్టకూడదు. కూలీల డబ్బులు ఎగ్గొట్టినవాడు మాత్రం ముందు బెంచీలో కూర్చుని తీసుకోవచ్చు. ఇది నాకు చాలా బాధ కలిగించే విషయం, అందుకే ఇంత పొడుగ్గా రాశాను.

మా జవాబు ఇది. రావాలని మనసున్న ఎవరైనా తీసుకోవచ్చు. బాప్తిస్మం అయిందా అని అడగం. పిల్లలు చెయ్యి చాపితే పిల్లలకూ ఇస్తాం. యేసు ఆ రాత్రి తనను అప్పగించబోయే యూదాతో కూడా కలిసి భోజనానికి కూర్చున్నాడు.

మీ చర్చిలో కులం ఉందా?

లేదని చెప్తే అబద్ధమవుతుంది. తెలంగాణలో మాల క్రైస్తవులు, మాదిగ క్రైస్తవులు, రెడ్డి క్రైస్తవులు అని ఇంకా అంటూనే ఉన్నాం. ‘ప్రైజ్ ది లార్డ్ బ్రదర్’ అని చేతులు కలిపి, పెళ్లి సంబంధం మాట రాగానే ‘మీరేమిటోళ్లు?’ అని అడుగుతాం. సమాధుల తోటలు కూడా విడివిడిగా ఉన్న ఊళ్లున్నాయి. ఆ అలవాట్లు మాతో పాటే ఈ హాల్లోకి వచ్చాయి. వాటిని పేరు పెట్టి చెప్పడం, పాపమని ఒప్పుకోవడం, తీసేయడానికి పని చేయడం మా విశ్వాసంలో భాగం.

ఒక సంగతి చెప్తాను. ఆ అవ్వ రాయమంటేనే రాస్తున్నాను. పరకాల వైపు ఊరి నుంచి కొడుకు దగ్గరికి వచ్చి ఉంటోంది. మొదటి రెండు ఆదివారాలు గుమ్మానికి దగ్గరగా, గోడకు ఆనుకుని కూర్చుంది. మూడో ఆదివారం బల్ల. మేం ఒకే పెద్ద గిన్నెలో నుంచి తాగుతాం. ఆ రోజు గిన్నె నా చేతిలో ఉంది. ఆమె దగ్గరికి వెళ్లేసరికి సంచిలో చెయ్యి పెట్టి, దస్తీలో చుట్టిన స్టీలు గ్లాసు తీసింది. ముడి విప్పి గ్లాసు నా ముందుకు చాచి, ‘దీంట్ల పొయ్ బిడ్డా’ అంది. వాళ్ల ఊరి హోటల్లో వాళ్లకు వేరే గ్లాసు ఉండేదట. చిన్నప్పటి నుంచి తన గ్లాసు తాను పట్టుకెళ్లడమే మర్యాద అనుకుంది. నాకు గొంతు పట్టేసింది. గిన్నె ఆమె చేతుల్లోనే పెట్టాను. ఆమె నా మొహం చూసింది, తర్వాత తాగింది. ఆమె పెదవి తగిలిన చోటే నేనూ తాగాను. ఆ గ్లాసు ఇప్పటికీ తెస్తుంది. భోజనాల్లో పచ్చిపులుసు పోయించుకోవడానికి అదైతేనే బాగుంటుందంటుంది.

కాజీపేటలో విజయవాడ బండి ఎక్కితే దారిలో డోర్నకల్ జంక్షన్ వస్తుంది. అక్కడ బిషప్‌గా పనిచేసిన వి.ఎస్. అజరయ్య భారతీయుల్లో మొట్టమొదటి ఆంగ్లికన్ బిషప్, 1912లో అభిషేకం పొందారు. అంతకు రెండేళ్ల ముందు, 1910లో, ఎడిన్‌బరోలో జరిగిన మిషనరీల మహాసభలో ఆయన నిలబడి, మీరు మా పేదలకు ఆస్తులిచ్చారు, ప్రాణాలు కూడా ఇచ్చారు, మేం ప్రేమను కూడా అడుగుతున్నాం, మాకు స్నేహితులను ఇవ్వండి అన్నారు. తెల్ల మిషనరీలు మనవాళ్లకు సేవ చేస్తారు గానీ తోటివాళ్లుగా చూసి కలిసి భోంచేయరన్నదే ఆ మాటల వెనక ఉన్న బాధ. ఆయన కట్టించిన కెథెడ్రల్ 1939లో ప్రతిష్ఠ అయింది. చూస్తే మసీదు గుమ్మటాలూ గుడి స్తంభాలూ ఒక్క చోట కనిపిస్తాయి. మా యూత్‌ని ఒకసారి అక్కడికి తీసుకెళ్లాం.

మా ఆరాధనలో డప్పు ఉంటుంది. డప్పు చర్చిలో మోగకూడదు, అది అపవిత్రం అని చెప్పిన రోజులు మాలో చాలామందికి గుర్తున్నాయి. ఆ చర్మాన్ని శుద్ధి చేసి, ఆ వాద్యాన్ని చేసిన చేతులను అపవిత్రం అన్నట్టే కదా అది. ఇప్పుడు క్రిస్మస్ రోజు మొదటి దెబ్బ డప్పుదే.

బాప్తిస్మం తీసుకుంటే ఎస్సీ సర్టిఫికెట్ పోతుందా?

దీనికి సూటిగా జవాబు చెప్పకుండా బాప్తిస్మం ఇవ్వడం మోసమని మా అభిప్రాయం. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు ప్రకారం మొదట హిందువులను మాత్రమే ఎస్సీలుగా గుర్తించారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. క్రైస్తవులను, ముస్లింలను చేర్చలేదు. ఎస్సీ నుంచి క్రైస్తవులైనవాళ్లు మన రాష్ట్రంలో బీసీ-సి కిందికి వస్తారు. అందులో రిజర్వేషన్ 1 శాతం. ఎస్టీలకు ఈ ఇబ్బంది లేదు, మతం మారినా లంబాడా లంబాడాగానే, కోయ కోయగానే ఉంటారు.

మతం మారితే కులం పోతుందని చట్టం అనుకుంటోంది, ఊరు అలా అనుకోవడం లేదు. ఇది అన్యాయమని మేం నమ్ముతాం, మారాలని అడిగేవాళ్లతో నిలబడతాం. అంతవరకు ఇంట్లో కూర్చుని, పిల్లల చదువుల గురించి ఆలోచించుకుని నిర్ణయించుకోండి. మేం తొందరపెట్టం. బాప్తిస్మం లేకుండా ఎన్నేళ్లు వచ్చినా మా బంతిలో మీ చోటు మీదే.

బొట్టు తీసేయాలా? పుస్తె, గాజులు, పూలు?

అక్కర్లేదు. ఉంచుకునేవాళ్లు ఉంచుకుంటారు, వద్దనుకున్నవాళ్లు తీసేస్తారు. కొంగు నెత్తి మీద వేసుకోవడం కూడా మీ ఇష్టమే. భర్త పోయినవాళ్లు పూలు పెట్టుకుని వస్తే మేం సంతోషిస్తాం.

బతుకమ్మ ఆడొచ్చా? మేడారం బంగారం ఇస్తే తినొచ్చా?

సద్దుల బతుకమ్మ నాడు మా ఆడపిల్లలు తంగేడు, గునుగు పూలు పేర్చి వీధిలో అందరితో పాటు ఆడతారు. చుట్టుపక్కల వాళ్లంతా ఆడుతుంటే తలుపు వేసుకుని కూర్చోవడం పరిశుద్ధత అని మాకు అనిపించదు. వద్దనుకునే ఇళ్లూ మాలో ఉన్నాయి, వాళ్లనూ ఎవరూ ఏమీ అనరు.

మేడారం జాతర రెండేళ్లకోసారి వస్తుంది. పక్కింటివాళ్లు అమ్మవార్లకు ఇచ్చిన బెల్లం, అదే బంగారం, తెచ్చి చేతిలో పెడతారు. తిందామా వద్దా? విగ్రహాలకు అర్పించినవాటి గురించి కొరింథు సంఘంలోనూ ఇదే టెన్షన్. తినకపోతే మనకు తక్కువా లేదు, తింటే ఎక్కువా లేదని పౌలు రాశాడు. అయితే నీ తిండి వల్ల తోటి విశ్వాసి మనసు నలిగిపోకుండా చూసుకో అని కూడా అన్నాడు. నేనైతే రెండు చేతులతో తీసుకుని తింటాను. కాకతీయుల కాలంలో పన్ను కట్టమని ఒత్తిడి చేసిన రాజుతో పోరాడి చనిపోయిన తల్లీకూతుళ్లుగా ఆ అమ్మవార్లను, సమ్మక్క సారలమ్మలను, జనం తలచుకుంటారు. ఆ కథ వింటే నాకు గౌరవమే కలుగుతుంది.

అయితే వేరే మతాలవాళ్లు నరకానికి పోతారని మీరు చెప్పరా?

చెప్పం. ఎవరు ఎక్కడికి పోతారో తీర్పు చెప్పే పని దేవుడు మాకు ఇవ్వలేదు. కాజీపేట దర్గా ఉర్సుకు అన్ని మతాలవాళ్లూ వెళ్తారు, భద్రకాళి గుడి మెట్ల దగ్గర మా సంఘం వాళ్ల పూల కొట్టు ఉంది. మేం యేసు ద్వారా దేవుణ్ని ఎరిగాం, ఆ సంగతి సంతోషంగా చెప్తాం. దేవుడు మిగతావాళ్లతో మాట్లాడడని అనడానికి మాకు ఏ అధికారమూ లేదు. యేసు ఇశ్రాయేలులో ఇంత విశ్వాసం చూడలేదని మెచ్చుకున్నది ఒక రోమా శతాధిపతిని. మంచి పొరుగువాడి కథలో కట్టు కట్టినవాడు సమరయుడు, యూదులు ఛీ కొట్టిన జాతివాడు.

మరి మతం మారుస్తారా?

డబ్బు, బియ్యం, స్కూలు సీటు, ఉద్యోగం చూపించి ఎవరినీ పిలవం. ఎంజీఎం ఆసుపత్రి దగ్గర రోగుల వెంట వచ్చినవాళ్లకు నెలకు రెండుసార్లు అన్నం పెడతాం. అక్కడ కరపత్రాలు పంచం, ప్రార్థన చేయమని అడిగినవాళ్లతోనే చేస్తాం.

ఆడవాళ్లు వాక్యం చెప్తారా?

చెప్తారు, బల్ల కూడా ఇస్తారు. స్త్రీలు సంఘంలో మౌనంగా ఉండాలన్న మాట తెలియక కాదు. ఆ మాట రాసిన పౌలే రోమీయులకు పత్రిక ముగిస్తూ ఫీబేను సంఘ పరిచారకురాలు అన్నాడు, యూనీయను అపొస్తలుల్లో ప్రసిద్ధికెక్కినవాళ్లతో కలిపి చెప్పాడు. సమాధి ఖాళీగా ఉందని శిష్యులకు మొదట చెప్పింది మగ్దలేనే మరియ. ఆ పొద్దున ఆమె మౌనంగా ఉండి ఉంటే మనకు ఈస్టర్ ఎక్కడిది? సీఎస్ఐలో 2013లో ఇ. పుష్పలలిత గారు నంద్యాల బిషప్ అయ్యారు, ఆ సంఘంలో మొదటి మహిళా బిషప్ ఆమే, మన తెలుగామె.

గే, లెస్బియన్, ట్రాన్స్‌జెండర్ వాళ్లను చేర్చుకుంటారా? మారమని చెప్తారా?

చేర్చుకుంటాం. మారమని చెప్పం. దయ్యం పట్టిందని ప్రార్థన పెట్టం. పాటలు పాడతారు, సండే స్కూల్ చెప్తారు, పెద్దలుగా ఎన్నికవుతారు.

ఈ చోటికి మేం ఒక్క రోజులో రాలేదు. రెండేళ్లు చదివాం, ఏడ్చాం, కొన్ని కుటుంబాలు వెళ్లిపోయాయి. వాళ్లు ఇంకా మాకు అయినవాళ్లే. మమ్మల్ని మార్చిన వాక్యాల్లో ఒకటి పైన చెప్పిన ద్వితీయోపదేశకాండం 23లోనే మొదలవుతుంది. అక్కడ నపుంసకులు కూడా సమాజంలో చేరకూడదని ఉంది. యెషయా 56కు వచ్చేసరికి దేవుడే వాళ్లతో, నేను ఎండిన చెట్టునని అనుకోవద్దు, కొడుకులూ కూతుళ్లకన్నా గొప్ప పేరు నా మందిరంలో నీకు ఇస్తానంటాడు. అపొస్తలుల కార్యాలు 8లో ఐతియొపీయుడైన నపుంసకుడు రథంలో ఆ యెషయా గ్రంథాన్నే చదువుకుంటూ వస్తాడు. నీళ్లు కనిపించగానే ‘నాకు బాప్తిస్మమిచ్చుటకు ఆటంకమేమి’ అని అడుగుతాడు. రథం ఎక్కి ఆ వాక్యం వివరించిన ఫిలిప్పు ఆయనకు నియమాలు చదివి వినిపించలేదు. ఇద్దరూ నీళ్లలోకి దిగారు.

దేవుడు నాశనం చేసిన సొదొమ పట్టణం పాపం స్వలింగ సంబంధమే కదా అని అడుగుతారు. యెహెజ్కేలు 16:49 చూడండి. గర్వం, కడుపు నిండా తిండి, సుఖం ఉండి దీనులకు, దరిద్రులకు సాయం చేయకపోవడం అని ఉంది.

చట్టం సంగతి కూడా అడుగుతారు కాబట్టి చెప్తాను. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కులను సుప్రీంకోర్టు 2014లో గుర్తించింది, 2018లో పెద్దల ఇష్టపూర్వక స్వలింగ సంబంధం నేరం కాదని చెప్పింది. నిజాం కాలంలో హిజ్రాలను నేరస్థుల్లా రిజిస్టరులో ఎక్కించిన చట్టాన్ని తెలంగాణ హైకోర్టు 2023లో కొట్టేసింది. అదే ఏడాది అక్టోబరులో స్వలింగ వివాహాన్ని గుర్తించడానికి సుప్రీంకోర్టు ఒప్పుకోలేదు. కాబట్టి మేం పెళ్లి సర్టిఫికెట్ ఇవ్వలేం. ఇద్దరు కలిసి ఇల్లు పెట్టుకుంటే వెళ్లి ఆ ఇంటి మీద ప్రార్థన చేసి, భోంచేసి వస్తాం. ఎవరి సంగతీ వాళ్లు చెప్పమంటే తప్ప బయటికి చెప్పం. అమ్మానాన్నలు వచ్చి ‘మా పిల్లాడు ఇలా అంటున్నాడు, ఏం చేయాలి’ అని అడిగితే వాళ్లతో కూర్చుంటాం. వాళ్ల భయం మాకు అర్థమవుతుంది.

విడాకులు తీసుకున్నవాళ్లు, వేరే మతం వాళ్లను చేసుకున్నవాళ్లు?

రండి. కొట్టే మొగుణ్ని భరించడమే సిలువ మోయడమని చెప్పే బోధ మాకు వద్దు. 2001లో చట్టం మారేదాకా క్రైస్తవ భార్య విడాకులు కావాలంటే భర్త వ్యభిచారం ఒక్కటి చూపిస్తే సరిపోయేది కాదు, దానికి తోడు క్రూరత్వమో, వదిలేసిపోవడమో రుజువు చేయాలి. భర్తకు మాత్రం వ్యభిచారం ఒక్కటే చాలు. అంతకాలం మన ఆడవాళ్లు ఎంత మోశారో ఆలోచించండి. మతాంతర వివాహమైతే 1872 క్రైస్తవ వివాహ చట్టం ప్రకారం ఇద్దరిలో ఒకరు క్రైస్తవులైనా పెళ్లి చేయవచ్చు. 1954 ప్రత్యేక వివాహ చట్టం కింద చేసుకుని మా దగ్గర ప్రార్థన పెట్టించుకున్నవాళ్లూ ఉన్నారు.

జబ్బు చేస్తే ప్రార్థన చేస్తారా? మందులు మానేయమంటారా?

ప్రార్థన తప్పకుండా చేస్తాం, చేతులుంచి, నూనె రాసి చేస్తాం. మందులు మానేయమని ఎవరైనా చెప్తే దయచేసి అక్కడి నుంచి లేచి వచ్చేయండి.

మా అమ్మకు షుగర్. ఒక స్వస్థత కూడికలో బోధకుడు నీకు విశ్వాసముంటే ఆ మాత్రలెందుకమ్మా అన్నాడు. అమ్మ ఇంటికొచ్చి మాత్రలన్నీ బైబిల్ పక్కన గూట్లో పెట్టేసింది, మాకు చెప్పలేదు. కాలి వేలికి పుండై నల్లబడ్డాకే తెలిసింది. వేలు తీసేశారు. అమ్మ బాధ వేలు పోయినందుకు కాదు, ‘నా విశ్వాసం చాలలేదు బిడ్డా’ అని. చనిపోయేదాకా అలాగే అనుకుంది. విశ్వాసం చాలకపోవడం వల్ల కాదమ్మా అని ఎన్నిసార్లు చెప్పానో.

హిజ్కియా రాజుకు పుండైనప్పుడు యెషయా ప్రవక్త దేవుని మాటతో పాటు అంజూరపు పళ్ల ముద్ద తెచ్చి దాని మీద వేయమన్నాడు. పుట్టుగుడ్డివాణ్ని చూసి శిష్యులు ఎవరి పాపమని అడిగితే యేసు వీడిదీ కాదు, వీడి తల్లిదండ్రులదీ కాదు అన్నాడు.

ఆత్మహత్య చేసుకున్నవాళ్లకు సమాధి ప్రార్థన చేస్తారా?

చేస్తాం, పూర్తిగా, అందరికీ చేసినట్టే. 1997-98లో పత్తి పంట పోయి, పురుగుమందుల అప్పులు తీరక అప్పటి మన వరంగల్ జిల్లాలో ఎంతమంది రైతులు ఆ పురుగుమందే తాగారో ఈ ప్రాంతంలో అందరికీ తెలుసు. ఆ ఇళ్ల పిల్లలు ఇప్పుడు పెద్దవాళ్లై మాతో కూర్చుంటున్నారు. నాన్న నరకంలో ఉన్నాడా అని అడిగే బిడ్డకు వాక్యం పేరుతో రాయి వేయలేం. ఏలీయా ప్రవక్త అడవిలో చెట్టు కింద కూర్చుని, ఇక చాలు, నా ప్రాణం తీసుకో అన్నాడు. దేవదూత ఆయన్ని గద్దించలేదు. తట్టి లేపి రొట్టె, నీళ్లు ఇచ్చి మళ్లీ పడుకోనిచ్చాడు. మీకు అలాంటి ఆలోచనలు వస్తుంటే మాకు చెప్పండి, ఏ వేళైనా సరే. ప్రభుత్వం వాళ్ల మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు తెలుగులో కూడా ఫోన్ చేయవచ్చు.

దశమ భాగం, అంటే సంపాదనలో పదో వంతు, ఇవ్వడం తప్పనిసరా?

కాదు. అప్పు చేసి కానుక వేయొద్దు. ఎవరెంత వేశారో చదివి వినిపించం. అద్దె, కరెంటు, పాస్టర్ గారి జీతం, అన్నం ఖర్చు, అన్నీ నెల మొదటి ఆదివారం గోడకు అంటిస్తాం.

నాకు నమ్మకం సరిగ్గా లేదు. రావచ్చా?

మార్కు 9లో ఒక తండ్రి జబ్బు పిల్లాణ్ని ఎత్తుకొచ్చి ‘నమ్ముచున్నాను, నాకు అపనమ్మకముండకుండ సహాయము చేయుము’ అంటాడు. ముందు నమ్మకం సరిచేసుకుని రా అని యేసు అనలేదు, పిల్లాణ్ని బాగు చేశాడు. మీరు ఏమీ నమ్మకపోయినా రావచ్చు. పాటలు వినడానికి వచ్చి నాలుగేళ్లుగా వెనక కుర్చీలోనే కూర్చునే ఒక సార్ ఉన్నారు, మా అకౌంట్లు ఆయనే చూస్తారు.

మొదటిసారి వస్తే ఏం జరుగుతుంది?

పొద్దున తొమ్మిదిన్నరకు మొదలు. చెప్పులు మెట్ల కింద విడవండి. మెట్లు ఎక్కలేనివాళ్లుంటే కిందనే ఆగండి, కుర్చీతో ఎత్తి తీసుకెళ్లడానికి యూత్ పిల్లలుంటారు. పైకి లేపి పేరు, ఊరు చెప్పించం. సాక్ష్యం చెప్పమని అడగం. చేతులెత్తి ప్రార్థించేవాళ్లూ, కళ్లు తెరుచుకునే కూర్చునేవాళ్లూ ఉంటారు. పిల్లలు ఏడిస్తే ఏడవనివ్వండి. ఒంటిగంటకల్లా బంతి వేస్తాం. అందరం కింద చాపల మీద కూర్చుంటాం, మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు బెంచీ వేస్తాం. పిల్లలతో వస్తే మొదటి బంతిలోనే కూర్చోండి, బగారా అన్నం వేడిగా ఉంటుంది.